వేలి లోతు తడి

కాడుగోడి, బెంగళూరు
9 ఫిబ్రవరి 2003

అక్కకు తిరుపాలు దండాలు.

జాబు రాయక రెండు నెలలైంది, తిట్టుకుంటూ ఉంటావు. తిట్టు, తప్పు నాదే. ముందు మంచి కబురు చెబుతాను. సుజాతకు ఆరు నిండి ఏడో నెల పడింది. ఈసారి బిడ్డ నిలబడింది అక్కా. మే మొదటి వారంలో కాన్పు అన్నారు. పోయిన రెండుసార్లు ఏం జరిగిందో డాక్టరమ్మకు అంతా చెప్పాం. బస్సు ఎక్కకూడదు, బరువు ఎత్తకూడదు, నొప్పులు మొదలైతే పావుగంటలో చేరేంత దగ్గరలో ఉండాలి అని గట్టిగా చెప్పింది. మా రూము నుంచి ఆసుపత్రికి ఆటోలో పది నిమిషాలు.

ఆ రూము గురించే ఈ జాబు. నేను తోటమాలిగా ఉన్న బంగళా సార్, మేడం కిందటి నెల పూనాలో కూతురి దగ్గరికి వెళ్ళారు. ఏప్రిల్ ఇరవైకి వస్తారు. ఇరవై ఏడున సార్ షష్టిపూర్తి. ఇంటి ముందు లాన్ మీదే పందిరి, రెండు వందల మందికి అక్కడే భోజనాలు. వెళ్ళేటప్పుడు సార్ నన్ను పిలిచి ఒకటే మాట చెప్పారు. "తిరుపాలూ, నేనొచ్చేతలికి గడ్డి పచ్చగా ఉండాల. ఉంటే బిడ్డ పుట్టినంక కూడా మీరు ఈడే ఉండండి. లేదంటే నర్సరీవాళ్ళను పిలిచి కొత్త గడ్డి ఏపిస్తా. అప్పుడు వాళ్ళ మాలికి ఈ రూము కావల్ల."

లాన్ అంటే నీకెలా చెప్పేది. మన కళ్ళానికి రెండింతలు చోటు, అందులో గడ్డి తప్ప ఇంకేమీ ఉండదు. ఆ గడ్డి ఏ గొడ్డూ మేయదు. ఊరికే చూసుకోవడానికి. కానీ నీళ్ళున్నాయే అక్కా, నీళ్ళు! కొళాయి తిప్పితే నా బొటనవేలు లావు ధార. కరెంటు ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించి కూర్చునే పని లేదు. మొదటి రోజు పైపు పట్టుకుని నిలబడితే నాకు ఏడుపొచ్చింది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు పూటలా పోస్తున్నాను. ఒక్క రోజు తప్పలేదు.

అయినా గేటు పక్క మూల పసుపు రంగుకు తిరుగుతోంది. అరవై చీనీ చెట్లను పెంచిన చెయ్యి ఇది, గడ్డి దగ్గర ఓడిపోతానా? నువ్వు ఏం చేయమంటావో వెంటనే రాయి. ఊళ్ళో ఫోను తీగ ఇంకా బాగు చేయలేదని విన్నాను, జాబే దిక్కు. మన చెట్లు ఎలా ఉన్నాయి? ఈ ఏడు పూత బాగా వచ్చిందా?

సుజాత నీకు దండాలు చెప్పమంది.

నీ తిరుపాలు

*

బండమీదపల్లి, కదిరి తాలూకా
17 ఫిబ్రవరి 2003

చిరంజీవి తిరుపాలుకు అక్క భాగీరథమ్మ దీవెనలు.

నీ జాబు చదివి దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టాను. పక్క చేని పుల్లయ్యకు చెబితే "గడ్డి పెంచేదానికి జీతమా? ఈడ గడ్డి పీకేదానికి కూలిస్తాంటిమే!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వి చాలా రోజులైంది.

పసుపు రంగు అంటే దాహం. ఇందులో అడగాల్సింది ఏముంది? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్నాం కదా, వేరుశనగైనా, చీనీ అయినా, గుమ్మం ముందరి తులసి అయినా నీళ్ళు అందకపోతేనే పసుపు పచ్చబడుతుంది. నువ్వు పోసేది పైపైన తడుస్తోందేమో. ఇంకా పొయ్యి. ఉండగా పొయ్యకపోవడం పాపం.

సుజాత సంగతి. దానికి తల్లి లేదు, నేనే తల్లిని. ఏడో నెలలో గాజులు తొడిగి కాన్పుకు పుట్టింటికి తీసుకుపోవడం మన ఆచారం. దానికి పుట్టిల్లు ఈ ఇల్లే. బస్సు వద్దంటే కారు మాట్లాడు. ఊరు కాని ఊళ్ళో, ఎవరి పెరట్లోనో కాన్పు ఏమిటి? నేను ఎనిమిది మందికి పురుడు పోశాను, నా తమ్ముడి బిడ్డకు పోయలేనా?

చెట్లు బాగున్నాయి. పూత వచ్చింది. నువ్వు వాటి గురించి దిగులు పెట్టుకోకు.

అక్క

*

కాడుగోడి
28 ఫిబ్రవరి 2003

అక్కా,

నీ జాబు అందిన రోజు నుంచి నువ్వు చెప్పినట్టే చేశాను. మూడు పూటలు అయిదు చేశాను. పైపు ఒకచోట పెట్టి మడి నిండినట్టు నింపాను. పసుపు ఆగలేదు. మూల దాటి మధ్యకొచ్చింది. అక్కడక్కడా గోధుమ రంగు మచ్చలు పడ్డాయి, మొదట అరచేతంత ఉండేవి, ఇప్పుడు చాటంత అయ్యాయి. చాట పక్కన ఇంకో చాట. పొద్దున లేచి తలుపు తీయాలంటే భయంగా ఉంది.

సార్ చెల్లెలు నేత్రావతమ్మ సర్జాపురలో ఉంటుంది. ప్రతి ఆదివారం వచ్చి చూసి పూనాకు ఫోను చేస్తుంది. మొన్న వచ్చి గేటు దగ్గరే నిలబడిపోయింది. "ఏనప్పా ఇది? నీళ్ళు పోస్తా ఉండావా, లేదా?" అంది. నాకు రోషం వచ్చింది. ఆమె ముందే కొళాయి తిప్పి గంట సేపు పోసి చూపించాను. నీళ్ళు గేటు దాటి రోడ్డు మీద పారాయి. ఎదురింటి డ్రైవరు ఆ నీళ్ళతోనే కారు చక్రాలు కడుక్కున్నాడు. ఆమె చీర తడవకుండా ఎత్తిపట్టుకుని వెళ్ళిపోయింది. పూనాకు ఏం చెబుతుందోనని భయం.

సుజాతను పంపమన్నావు. పంపను. కారైనా, బస్సైనా పంపను. ఊరి నుంచి కదిరికి ఆ జీపు దారి మీద ఒకసారి పోయి వచ్చాం, చాలు. మళ్ళీ ఆ ఊరికి నా పెళ్ళాన్ని పంపలేను. నువ్వు ఆచారం గురించి రాశావు. నాకిప్పుడు ఆచారం కాదు, ఆసుపత్రి కావాలి. ఆసుపత్రికి ఈ రూము కావాలి. రూముకు ఈ గడ్డి కావాలి.

ఇంకేదైనా ఉపాయం ఉంటే రాయి. యాభై రోజులే ఉన్నాయి.

తిరుపాలు

*

బండమీదపల్లి
9 మార్చి 2003

తిరుపాలుకు,

"ఆ ఊరు" అని రాశావు. నీ ఊరు కాదా? నువ్వు పుట్టింది ఎక్కడ?

ఆ రోజు జీపును నెమ్మదిగా పోనివ్వమన్నది నేనే. గుంతల్లో కుదుపుకు సుజాతకు ఏమవుతుందోనని భయపడి, నాలుగుసార్లు డ్రైవరు భుజం తట్టి చెప్పాను. కదిరి చేరేసరికి ఆలస్యమైంది. ఆలస్యమైంది, బిడ్డ దక్కలేదని డాక్టరు అన్నప్పుడు నువ్వు నా వైపు చూశావు. మూడేళ్ళుగా ఆ చూపుకు అర్థం ఏమిటా అని అనుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు రాసి చూపించావు. సరే.

గడ్డి సంగతి అడిగావు కాబట్టి చెబుతున్నాను. నీళ్ళు రోడ్డెక్కి పారాయంటే నేల తాగడం లేదని. గట్టిపడి ఉంటుంది. గునపంతో పొడిచి, పొద్దు గూకాక పొయ్యి. ఎండకు ఆవిరి కాకుండా తెల్లారేదాకా తాగుతుంది.

రోడ్డు మీద పారిన నీళ్ళతో ఎవరో చక్రాలు కడుక్కున్నారని రాశావు. ఆ వాక్యం రెండుసార్లు చదివాను.

భాగీరథమ్మ

*

కాడుగోడి
20 మార్చి 2003

అక్కా,

అంతా అయిపోయింది.

నువ్వు చెప్పినట్టు పొడిచి, పొద్దు గూకాక పోశాను. నాలుగైదు రోజులు పోశాను. మూడు రోజుల కిందట పక్క వీధి నుంచి వెంకటగిరియప్ప అనే పెద్దాయన వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు నర్సరీలో పని చేసి మానేశాడు. సుజాత గేటు దగ్గర ఏడుస్తుంటే చూసి లోపలికి వచ్చాడు. వంగి గడ్డిని పిడికిట పట్టి లాగాడు. చాప లేచినట్టు లేచి వచ్చింది. కింద నల్లగా బురద, మురికి కాలువ కంపు. వేరు గోరంత కూడా లేదు.

"ఇది ఎండింది కాదప్పా. మునిగి చచ్చిండాది" అన్నాడు.

నేను నమ్మలేదు. నీళ్ళు పోస్తే చస్తుందా అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. "మీ కడ నీళ్ళు జాస్తి అయి చెట్టు చచ్చింది నువ్వెప్పుడూ చూడల్యా?" అని అడిగాడు. చూడలేదు అక్కా. నేను చూడలేదు, నువ్వు చూడలేదు, మన నాయన చూడలేదు. మన వైపు ఎవరు చూసుంటారు?

ఆయన చెప్పింది ఇది. దినామూ నోటికి అందిస్తే వేరు కిందికి ఎందుకు దిగుతుంది, పైనే పడుకుంటుంది. పొద్దు గూకాక పోస్తే తెల్లార్లూ తడిలో ఉండి బూజు పడుతుంది. ముందు పూర్తిగా ఆపాలి. నేల ఆరాలి. ఆరాక తెల్లవారుజామున ఒకసారి, నాలుగైదు రోజులకు ఒక్కసారే, మట్టిలో వేలు గుచ్చితే వేలి లోతు తడి తగిలేంత పోయాలి. మళ్ళీ ఎప్పుడు పోయాలో గడ్డే చెబుతుందట. దాని మీద నడిచి వెనక్కి తిరిగి చూడాలి. తొక్కిన గడ్డి లేచి నిలబడితే దాహం లేదు. అడుగు జాడ అలాగే పడి ఉంటే అప్పుడు పోయాలి. చచ్చిన చోట బురద తీసేసి, గోడ పక్కన బతికి ఉన్న గడ్డి పిలకలు తెచ్చి నాటాం.

పోయడం ఆపమన్నాడు కదా, నా వల్ల కావడం లేదు. పొద్దున లేచేసరికి చెయ్యి కొళాయి మీద ఉంటోంది. నీళ్ళుండగా ఊరికే నిలబడి చూడటం నాకు చేతకాదు. సుజాత పైపు చుట్టి మంచం కింద దాచి, దాని మీద పడుకుంటోంది. నిండు మనిషి, నా చేతికి కాపలా కాస్తోంది.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా సరే. తెలియకపోతే తెలియదని రాయొచ్చు కదా? పొయ్యి, ఇంకా పొయ్యి, పొడిచి పొయ్యి. నీ మాట విన్నందుకు నా బిడ్డ నీడ పోతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను.

తిరుపాలు

*

బండమీదపల్లి
29 మార్చి 2003

నాయనా తిరుపాలూ,

నీ జాబు పట్టుకుని పొద్దంతా అరుగు మీద కూర్చున్నాను. నువ్వు అన్నది నిజం. నాకు తెలియదు. నలభై ఆరేళ్ళు వచ్చాయి, నీళ్ళు ఎక్కువై ఏదైనా చస్తుందని నాకు తెలియదు. నీళ్ళు లేని బుద్ధితో నీళ్ళున్న చోటికి సలహా ఇచ్చాను. క్షమించు.

ఇంకా ఒకటి దాచాను. ఇప్పుడు చెప్పకపోతే ఇంకా పెద్ద తప్పు జరుగుతుంది. మన బోరు కార్తీకంలోనే ఎండిపోయింది. చీనీ చెట్లు బాగున్నాయని రాసింది అబద్ధం. అరవైలో ఇప్పుడు పదకొండు ఉన్నాయి. మిగిలినవి నరికి కట్టెలకు ఇచ్చేశాను. నీకు రాస్తే పని వదిలేసి పరిగెత్తుకొస్తావని రాయలేదు. పేరుకు భాగీరథమ్మను, ఇంట్లో బిందెడు నీళ్ళు లేవు. ఊరందరికీ పుల్లయ్య బోరు ఒక్కటే, అదీ గంటసేపు. మనిషికి రెండు బిందెలు. ఒకటి ఇంటికి, ఒకటి చెట్లకు.

ఆ బిందె గురించి చెబుతాను, నీ గడ్డికి పనికి రావచ్చు. ఇంటి దగ్గరున్న చెట్లకు రోజూ గిన్నెలు కడిగిన నీళ్ళు చెంబెడు చెంబెడు పోసేదాన్ని. కళ్ళ ముందు ఉన్నాయి కదా, ప్రాణం ఒప్పక. దూరంగా గట్టు పక్కనున్న చెట్లకు రోజూ మోయలేక, పది పన్నెండు రోజులకొకసారి, చెట్టు మొదలు దగ్గర కాకుండా కొమ్మల నీడ అంచున గుంత తీసి నిండు బిందె ఒక్కసారే పోశాను. ఇంటి దగ్గరవి ముందు చచ్చాయి. దూరానివే బతికాయి. ఎందుకో నాకు అర్థం కాలేదు, దేవుడి లెక్క అనుకున్నాను. నీ పెద్దాయన మాట చదివాక తెలిసింది. చెంబు పోసిన చెట్టు వేరు పైనే చెంబు కోసం ఎదురు చూసింది. బిందె పోసిన చెట్టు వేరు కిందికి వెతుక్కుంటూ పోయింది. ఆయన మాట తప్పవద్దు. నీ చెయ్యి ఆగకపోతే నన్ను తలచుకుని ఆపు.

ముఖ్యమైన మాట. సుజాతను పంపమని మొదట రాశాను. పంపవద్దు. ఇక్కడ బాలింతకు స్నానానికి కాదు, తాగడానికే లేవు.

నీ అక్క

*

కాడుగోడి
1 ఏప్రిల్ 2003

అక్కా,

నా కోపం జాబుకు జవాబు రాలేదు. రాకపోవడం న్యాయమే. ఇప్పుడు నీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను.

నాటిన పిలకలు లేవలేదు. మొన్న ఆదివారం నేత్రావతమ్మ వచ్చి, "బరో ఆదివారం, వచ్చే వారం చూస్తా. ఇట్లే ఉంటే నర్సరీకి ఫోను చేస్తా, రూము ఖాళీ చేయండి" అని చెప్పి వెళ్ళింది. రేపు ఉగాది. బస్తీలో ఇంకో రూముకు అడ్వాన్సు కట్టే శక్తి నాకు లేదు. తొమ్మిదో నెలలో సుజాతను వీధిలో నిలబెట్టలేను.

అందుకే శనివారం బస్సు ఎక్కిస్తున్నాను. కదిరి దాకా లక్ష్మీదేవమ్మ అనే తెలిసినావిడ తోడు ఉంటుంది. మధ్యాహ్నం రెండుకల్లా మన దిన్నె స్టాపులో దిగుతుంది. ఈ జాబు శుక్రవారానికి చేరుతుంది. నువ్వు స్టాపులో ఉండు. నువ్వు అన్నదే నిజం, కాన్పుకు పుట్టిల్లే దిక్కు. పంపనని రాసిన నోటితోనే అడుగుతున్నాను.

తిరుపాలు

*

కాడుగోడి
7 ఏప్రిల్ 2003

అక్కా,

నీ జాబు ఈ రోజు, సోమవారం, పండగ సెలవులు దాటి అందింది. సుజాత శనివారమే వెళ్ళిపోయింది.

పదకొండు చెట్లు అని చదివి, సుజాతను పంపవద్దన్న మాట చదివి, వెంకటగిరియప్ప ఇంటికి పరిగెత్తాను. నేనే వచ్చేస్తానంటే ఆయన ఆపాడు. "నువ్వు పోతే గడ్డీ పోతుంది, రూమూ పోతుంది. ఆయమ్మ తిరిగొస్తే యాడికి రావల్ల?" అన్నాడు.

నిన్న నేత్రావతమ్మ వచ్చింది. మోళ్ళ మధ్య సూదుల్లాగా పచ్చగా మొలిచాయి, ఆరు రోజులుగా నేను నీళ్ళు ముట్టలేదు. ఆమె వంగి చూసి "సరే, అన్న వచ్చేదాకా ఆగుతా" అంది. ఒక్క రోజు ఓపిక పట్టి ఉంటే సుజాత ఇక్కడే ఉండేది. ఒక్క రోజు.

జీపు గురించి నువ్వు రాసిందానికి నేను జవాబు ఇవ్వనే లేదు. ఆ రోజు నీ వైపు చూసింది నింద వేయడానికి కాదు. ఏం చేయాలో తెలియనప్పుడు నేను చిన్నప్పటి నుంచీ నీ వైపే చూస్తాను. అంతే అక్కా. ఇప్పుడూ అదే చేస్తున్నాను.

తిరుపాలు

*

బండమీదపల్లి
10 ఏప్రిల్ 2003

తిరుపాలుకు,

భయపడకు. మనిషి క్షేమం, కడుపులో బిడ్డ కదులుతోంది. ముందు ఆ మాట చదివి తరువాత కూర్చో.

స్టాపులో ఉండమన్న నీ జాబు నాకు సోమవారం చేరింది. శనివారం నేను స్టాపులో లేను. చెట్టుకు బిందె మోస్తూ ఉంటే దూరంగా గట్టు మీద ఎవరో నడుము పట్టుకుని వస్తున్నారు. రెండు మైళ్ళు ఎండలో నడిచింది నీ పెళ్ళాం. నన్ను చూసి కూడా ముందు నన్ను పలకరించలేదు. చుట్టూ చూసి "వదినా, చెట్లేవి?" అంది. బిందె అక్కడే దించి దానికి తాపించాను. సగం తాగి మిగతాది నా చేతికిచ్చి "చెట్టుకు పొయ్యి వదినా" అంది. నాకు దుఃఖం ఆగలేదు. ఇద్దరం గట్టు మీద కూర్చుని ఏడ్చాం.

ఆ రోజు నుంచి రెండు బిందెలూ దానికే. పొద్దున లేస్తే కాళ్ళు వాచి ఉంటున్నాయి. ఇక్కడ ఉంచితే మళ్ళీ అదే దారిలో అదే జీపు. అలా జరగనివ్వను. ఆదివారం పుల్లయ్య బావమరిది టమోటాల వ్యాను బెంగళూరుకు పోతోంది. ముందు సీట్లో దాన్ని కూర్చోబెట్టుకుని నేనే తీసుకొస్తాను. రూము ఉంటే రూములో, లేకపోతే నీ పెద్దాయన వాకిట్లో. ఆసుపత్రికి పది నిమిషాల దూరంలో ఉండటం ముఖ్యం. కాన్పు అయ్యేదాకా అక్కడే ఉంటాను.

చెట్లను పుల్లయ్యకు అప్పగించాను. ఆయనకు తన గొడ్లకే సరిపోవు. నేను లేకపోతే ఆ పదకొండూ పోతాయని నాకు తెలుసు. పోనీ. నాయన నాటినవని ఇన్నాళ్ళు మోశాను, ఇక దించేస్తున్నాను.

వ్యాను డ్రైవరుకు ఈసారి ఏమీ చెప్పను. నెమ్మదిగా అని గాని, తొందరగా అని గాని అనను. నోరు మూసుకుని సుజాత చెయ్యి పట్టుకుని కూర్చుంటాను.

అక్క

*

బండమీదపల్లి
4 జూన్ 2003

చిరంజీవి తిరుపాలుకు, సుజాతకు, పేరు పెట్టాల్సిన నా మేనకోడలికి అత్త దీవెనలు.

ఊరు చేరి పది రోజులైంది. నీ రూములో నలభై రెండు రోజులు ఉండి కూడా నోటితో చెప్పలేనివి కొన్ని ఉన్నాయి. మనకు జాబులోనే మాట వస్తుంది కాబట్టి రాస్తున్నాను.

అన్ని రోజులున్నాను, నీ లాన్ మీద నేను కాలు పెట్టలేదు. ఎప్పుడూ గోడ వెంబడే నడిచాను. గడ్డి నలుగుతుందని జాగ్రత్త పడుతున్నానని నువ్వు అందరికీ చెప్పావు. జాగ్రత్త కాదు, కోపం. నువ్వు ఒక పూట పోసిన నీళ్ళు నాకుంటే అరవై చెట్లు నిలిచేవి. దాన్ని చూసినప్పుడల్లా నాకు నరికిన మోళ్ళే కనబడేవి. దాని వల్లే నా తమ్ముడి బిడ్డకు నీడ దొరుకుతోందని తెలుసు, అయినా దాన్ని మెచ్చుకోవడం నా వల్ల కాలేదు.

సార్ వచ్చిన పొద్దున నేను కిటికీలోంచి చూస్తున్నాను. నువ్వు చేతులు కట్టుకుని గేటు పక్కన నిలబడ్డావు. గడ్డి అంతా ఒక రంగు లేదు, నాటిన చోట్ల అతుకులు తెలుస్తూనే ఉన్నాయి. ఆయన చెప్పులు విడిచి అటు చివరి దాకా నడిచాడు. తిరిగి వెనక్కి చూశాడు. ఆయన తొక్కిన గడ్డి మెల్లగా లేచింది. "పరవాగిల్లప్పా" అన్నాడు. బాగానే ఉందని అర్థమట. నువ్వు రూములోకి వచ్చి గోడకు తల ఆనించి ఏడ్చావు. నేను అటు తిరిగి పొయ్యిలో కట్టె ఎగదోశాను.

బిడ్డ పుట్టిన తెల్లవారి నాకు కొంచెం కోపం తగ్గింది. పూర్తిగా పోయింది మాత్రం ఇరవై ఒకటో రోజు. బాలింత చేత బావికి పూజ చేయించి మొదటి చేద తోడించాలి కదా. మీకు బావి ఏదీ? తోటలో కొళాయికే పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం పెట్టాం. సుజాత కొళాయి తిప్పింది. చెంబు నిండింది. నీళ్ళు ధార కట్టి వస్తూనే ఉన్నాయి. నువ్వు బిడ్డను ఎత్తుకుని ఉన్నావు. ఎవరూ చెప్పకుండా, మాట మధ్యలో ఆపకుండా, ఎడమ చెయ్యి చాచి కొళాయి కట్టేశావు. నువ్వు గమనించనైనా లేదు. నేను చూశాను. నీళ్ళు వస్తుండగా మనవాడొకడు ఆపడం నేను పుట్టాక అదే మొదటిసారి చూడటం.

ఇక ఇక్కడి సంగతి. పుల్లయ్య రెండు వారాలు పోసి, తన బోరు కూడా పోయాక పెళ్ళాం పిల్లలతో బెంగళూరు నగర్తపేటకు మూటలు మోయడానికి వెళ్ళిపోయాడు. నెల రోజులు చెట్లకు ఎవరూ చుక్క పోయలేదు. కట్టెలకు నరికించేద్దామని గొడ్డలి మనిషిని పిలుచుకునే గట్టు దగ్గరికి పోయాను. ఎనిమిది చెట్లు పుల్లల్లా ఉన్నాయి. మూడు చెట్లకు చివర కొమ్మల్లో ఆకు ఉంది. చిన్న ఆకు, పచ్చది. ఆ మనిషిని వెనక్కి పంపేశాను.

మొన్న వాన పడింది. పెద్ద వాన కాదు, ఇంట్లో ఉన్న ప్రతి గిన్నే వాకిట్లో పెట్టాను. రెండు బిందెలు నిండాయి. తెల్లారగానే ఒకటి ఎత్తుకుని చెట్ల దగ్గరికి పరిగెత్తాను. బిందె వంచబోయి, ఎందుకో ఆగి, గుంతలో వేలు గుచ్చాను.

వేలు మొత్తం చల్లగా తగిలింది. మూడింటి దగ్గరా అంతే.

నిండు బిందెతో అక్కడే నిలబడ్డాను. నా చెయ్యి ఎంత లాగిందో నీకు తప్ప ఇంకెవరికి చెప్పినా తెలియదు. పోయలేదు తిరుపాలూ. నీళ్ళు చేతిలో పెట్టుకుని, పోయకుండా ఇంటికి మోసుకొచ్చాను.

మీ అక్క
భాగీరథమ్మ